గురి తప్పడమే తప్పు

జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్లు నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉంది. బైబిలు మాటలు ఇక్కడ కొత్త కాదు. బైబిలులో పాపానికి హీబ్రూ మాట ‘హత్తాత్’. దాని క్రియకు మూలార్థం గురి తప్పడం. న్యాయాధిపతుల గ్రంథం 20వ అధ్యాయంలో 700 మంది ఎడమచేతివాటం యోధులు వెంట్రుకకు గురిపెట్టినా వడిసెల రాయి తప్పదు. అక్కడున్నదీ ఆ క్రియే!

మన ‘తప్పు’ కూడా అంతే: దారి తప్పాడు, మాట తప్పాడు. ‘పాపం’ మాత్రం పడిపోయిన బిడ్డను చూసినా నోట వస్తుంది. అందులో ఎంత జాలి!

నీతికి హీబ్రూ మాట ‘సెదెక్’. లేవీయకాండం 19లో అది త్రాసుకూ తూనికరాళ్లకూ చెప్పిన మాట. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో కాటా ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూసినవాళ్లకు దాన్ని వివరించక్కర్లేదు.

నన్నడిగితే, హత్తాత్‌కు పాపం కన్నా తప్పే దగ్గరి మాట.