వాన రాకడ: శాస్త్రము, శాసనము



వాన రాకడయు, ప్రాణము పోకడయు ఎవరికెఱుక అని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతలో నిరాశ యున్నదని కొందఱందురు. నాకట్లు తోపదు. తెలియనిదానిని తెలియదని యొప్పుకొనుట తెలిసికొనుటకు మొదటి మెట్టు. మన దేశమున వాన రాకడను ముందుగా నెఱుంగవలెనని రెండువేల యేండ్లుగా జరిగిన ప్రయత్నమును, ఆ వాన రానినాడు ప్రభువులు ప్రజలకు చేసినదానిని, చేయనిదానిని ఈ ప్రసంగమున సంగ్రహముగా విన్నవింతును. శాస్త్రము, శాసనము అను రెండు శబ్దములును ‘శాస్’ అను నొక్క ధాతువునుండియే పుట్టినవి. మొదటిది బోధించును, రెండవది ఆజ్ఞాపించును. ఈ తోబుట్టువులు విడిపోయిన కాలములలో ఏమి జరిగినదో చరిత్ర చెప్పుచున్నది.

మొదట కౌటిల్యుని చూతము. అర్థశాస్త్రమున వానను కొలుచుటకు అరత్ని వెడల్పు మూతిగల కుండ నొకదానిని ఉంచవలెనని విధి కలదు. అరత్ని యనగా ఇంచుమించు మూరెడు. జాంగల దేశములకు పదునాఱు ద్రోణములు, అవంతికి ఇరువది మూడు ద్రోణములు వర్షప్రమాణమని ఆ గ్రంథమే చెప్పుచున్నది. మన గోదావరీ తీరమందలి అశ్మక దేశమునకును అందొక లెక్క యున్నది. గమనింపవలసిన విషయము మఱొకటి కలదు. ఆ కుండను ఉంచుమని చెప్పినది జ్యోతిష్కుని వేదికపై గాదు, రాజు ధాన్యపుగొట్టమున. ఆకాశమునుండి పడిన నీటిని, కొట్టములో నున్న గింజను ఒక్కచోట లెక్కింపవలెనని ఆ రాజనీతిజ్ఞుని యభిప్రాయము.

అటుపిమ్మట క్రీస్తుశకము ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు. ఈయన బృహత్సంహితలో మేఘములు గర్భము ధరించుననియు, ఆ గర్భము నూట తొంబదియైదు దినములకు ప్రసవించి వర్షించుననియు చెప్పి, గాలి, మెఱుపు, మంచు, పరివేషము మున్నగు గర్భలక్షణములను వర్ణించెను. మూరెడు వెడల్పుగల పాత్రతో వానను కొలిచి, ఏబది పలములు ఒక ఆఢకమని మానమును కూడ చెప్పెను. నేటికిని ఉగాదినాడు పంచాంగ శ్రవణమున మనము వినుచున్న ‘ఇన్ని ఆఢకముల వర్షము’ అను మాటలోని మానము అదియే. కాని భేద మొకటి కలదు. వరాహమిహిరుడు ఆఢకమును పాత్రలో పడిన నీటితో కొలువుమనెను. మన పంచాంగమో, వాన పడకమున్నే ఆఢకములను గణితముతో పంచిపెట్టుచున్నది. కొలత విధిగా మాఱినచోట శాస్త్రము ఆగిపోవును.

ఆ మహనీయుడు ఆగినవాడు కాడు. పూర్వశాస్త్రములలో ఉత్తరాయణము ధనిష్ఠాదినుండి చెప్పబడినది, ఒకప్పుడట్లే యుండవచ్చును, ఇప్పుడు మాత్రము మకరాదినుండి కనబడుచున్నది, సందేహమున్న ప్రత్యక్షముగా పరీక్షించి తెలిసికొనుడు అని ఆయన తాత్పర్యము. ఋషివాక్యముపై గౌరవమును విడువక, కంటితో చూచినదానిని దాచక పలికిన యీ ధైర్యమును నేను సంప్రదాయమందురును.

ఈ మాటను మన కార్తెలకు అన్వయించి చూడుడు. సూర్యుడొక నక్షత్రమున నుండు పదుమూడు పదునాలుగు దినములు ఒక కార్తె. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుననియు, ఆరుద్ర కురిసిన దారిద్ర్యము లేదనియు మన రైతులకు కంఠస్థము. ఇప్పుడు మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీలలో ప్రవేశించుచున్నది. నైరృతి ఋతుపవనము సాధారణముగా జూన్ 1న కేరళమును తాకి, మొదటి వారములో రాయలసీమకు వచ్చును గనుక, ఈ పొంతన చక్కగనే యున్నది. అయినను అయనచలనమువలన కార్తెలు ఋతువులనుండి సుమారు డెబ్బదిరెండేండ్ల కొక్క దినము చొప్పున వెనుకకు జరుగుచుండును. వరాహమిహిరుని నాడు మృగశిర ప్రవేశము ఇప్పటికన్న ఋతుక్రమములో ఇంచుమించు మూడు వారములు ముందుండెను. కావున నేటికి సరిపోవుచున్న మన కార్తె సామెతలు అనాదివి కానేరవు. తరువాతి శతాబ్దులలో కాపులు కన్నులార చూచి దిద్దుకొన్నవే యై యుండవలెను. మా పొలములలోని నిరక్షరాస్యులు చేసిన యీ దిద్దుబాటు ఏ వేధశాలకును తీసిపోవునది కాదు.

ఇక శాసనము సంగతి. 1832–33 నందన సంవత్సరమున గుంటూరు సీమలో వాన కఱవై, సుమారు అయిదు లక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షలవఱకు నశించిరి. ఆ కరవు పిమ్మటనే కృష్ణా గోదావరుల నీటిని మళ్ళింపవలెనను తలంపు బలపడినది. ఆర్థర్ కాటన్ గోదావరిపై ధవళేశ్వరమున 1847లో ఆరంభించిన ఆనకట్ట 1852లో ముగిసెను. బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి లేచెను. ఆనకట్ట క్రింది మాగాణికి వాన రాకడపై బెంగ తగ్గెను. మెట్ట సీమలకు మాత్రము ఆకాశమే చెఱువు, ఆకాశమే కాలువ.

1864లో రెండు గాలివానలు వచ్చినవి. అక్టోబరులో కలకత్తాను ఒకటియు, నవంబరులో మన మచిలీబందరును మఱియొకటియు ముంచివేసినవి. బందరులో పోయిన ప్రాణములు ముప్పదివేలని లెక్క. 1866లో ఒరిస్సా కరవు. ఈ యుపద్రవముల తరువాత 1875లో భారత వాతావరణ శాఖ స్థాపింపబడి, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దాని కధిపతి యయ్యెను. మరుసటి యేడే ధాత సంవత్సరము. రాయలసీమ వృద్ధులు తరతరములుగా చెప్పుకొనిన ధాత కరవు అదియే. 1876–78 నడుమ దక్షిణాపథమున ఏబది లక్షలకు పైగా జనము మడిసిరి.

ఆ కరవున దేశమంతట గింజ లేకపోలేదు. ఎగుమతి ఆగలేదు. రైలుబండ్లు ధాన్యమును ధర యున్నచోటికి మోసినవి. కొనుటకు కూలివానియొద్ద కాసు లేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో మహాదర్బారు జరిగెను. ఆ నెలలోనే రాజప్రతినిధి లిట్టను పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చి, సహాయపు పనులలో మన్ను మోయు మగవానికి దినమునకొక పౌను ధాన్యము, ఒక అణా చాలునని నిర్ణయించెను. పౌననగా ఇంచుమించు నాలుగువందల యేబది గ్రాములు. మద్రాసు ఆరోగ్యాధికారి విలియం కార్నిష్ అను వైద్యుడు, పని చేయు దేహమునకు ఈ తిండి చాలదని వ్రాతమూలకముగా వాదించెను. కొన్ని నెలలకు కూలి పెరిగెను. అంతలో పోయినవారు మరల రారు గదా! ఇక్కడ వాన తప్పుట దైవికము. కూలి తగ్గించుట మానుషము. ఈ రెంటిని ఒక్క ‘కరవు’ అను మాటలో కలిపివేయుట చరిత్రకు అపచారము.

రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతను కరవు సంఘము 1880లో నివేదిక సమర్పించెను. కరవున మొదట పోవునది పంట, దానివెంట కూలివాని పని. పని పోయిన గింజ యున్నను కొనలేడు. కావున ప్రభుత్వము పని చూపవలెను, పని చేయలేనివారికి ఊరకనే తిండి పెట్టవలెను, శిస్తు నిలుపవలెను అని దాని సారము. 1883లో కరవు నిబంధనావళి వెలువడెను. నిబంధనములు వచ్చినంతమాత్రమున పాలకుల పిసినిగొట్టుతనము పోలేదు; కాని ఆకలిని దినకూలితో ముడిపెట్టి చూచిన దృష్టి అప్పటినుండి శాసనమున నిలిచెను.

ఈ నడుమ శాస్త్రము తన పని చేయుచుండెను. హిమాలయములపై వసంతాంతమున మంచు విస్తారముగా నున్నచో ఎండవేడి దానిని కరగించుటకే చెల్లిపోవును. భూమి తగినంత వేడెక్కదు. సముద్రమునుండి వచ్చు గాలికి బలము తగ్గును అని బ్లాన్‌ఫర్డ్ ఊహించెను. 1886 జూన్ 4న తొలి దీర్ఘకాలిక వర్షసూచన వెలువడెను. ఆయన తరువాత వచ్చిన జాన్ ఎలియట్ మఱిన్ని లక్షణములను చేర్చి, సూచనలను సుదీర్ఘములుగా చేసెను. 1899లో వాన బాగుగ కురియునని ఆయన చెప్పెను. ఆ యేడు వాన ఘోరముగా తప్పెను, గొప్ప కరవు వచ్చెను. సూచనను నమ్మి రైతు చల్లిన విత్తనమునకు జవాబుదారి యెవ్వడును లేడు.

1904లో అధిపతియై వచ్చిన గిల్బర్ట్ వాకర్ కేంబ్రిడ్జిలో గణితవేత్త. విసిరిన చేతికే తిరిగివచ్చు బూమరాంగు అను ఆస్ట్రేలియా ఆయుధముపైనను, వేణువుపైనను ఆయనకు మక్కువ. వాతావరణశాస్త్రము మాత్రము ఆయన చదివినది కాదు. అదియే మేలయ్యెనేమో! కారణమును ముందుగా ఊహింపక, లోకమందలి సకల దేశముల లెక్కలను తెప్పించెను. నీలనది వఱదలు, ఆస్ట్రేలియా వాయుభారము, దక్షిణ అమెరికా వానలు, అన్నిటిని మన దేశపు గుమాస్తాలచే వరుసలుగా వ్రాయించి, ఏది దేనితో పెరుగుచున్నది, ఏది దేనితో తరుగుచున్నది అని గుణించెను. పసిఫిక్ సముద్రముపై వాయుభారము హెచ్చినపుడు హిందూ సముద్రముపై తగ్గుచు, అక్కడ తగ్గినపుడు ఇక్కడ హెచ్చుచు, త్రాసు తక్కెడలవలె ఊగుచుండుటను కనిపెట్టెను. 1924లో దానికి దక్షిణాందోళనమని అర్థమిచ్చు పేరు పెట్టెను. ఆ యూపునకు కారణమేమో వాకరుకు తెలియలేదు. 1969లో బ్యెర్క్‌నెస్ అను నార్వే వంశపు శాస్త్రజ్ఞుడు దానిని ఎల్‌నినోతో కలిపి చెప్పెను. తూర్పు పసిఫిక్ జలములు వేడెక్కినపుడు మేఘములు లేచు చోటు అటు జరిగి, మన వైపు గాలి క్రిందికి దిగును. దిగు గాలిలో వాన పుట్టదు.

మనవారును ఈ కృషిలో వెనుకబడలేదు. 1932లో పూనాలో వ్యవసాయ వాతావరణ విభాగము ఏర్పడగా, రామన్ శిష్యుడైన ఎల్. ఎ. రామదాసు దానిని నడపి, పైరు ఏ దశలో ఏ వానను, ఏ వేడిని కోరునో లెక్కలు కట్టించెను. 1950 దశకమున మన తెలుగువాడైన పంచేటి కోటేశ్వరము, ఋతుపవన కాలమున ఆకాశపు పైపొరలలో తూర్పునుండి వీచు ప్రచండ వాయుప్రవాహమును వెల్లడించి, తరువాత వాతావరణ శాఖకే అధిపతి యయ్యెను.

అయినను ప్రకృతి తన గర్వమును విడువలేదు. 1997లో ఎల్‌నినో అతి ప్రబలముగా నున్నను మన దేశమున వాన సరిగానే కురిసెను. 1988లో గోవారికర్ బృందము పదునాఱు లక్షణములతో కట్టిన సూత్రము కొన్నేండ్లు పనికివచ్చెను; 2002లో మాత్రము అది వాన సాధారణమని చెప్పగా, జూలైలో దాదాపు సగము వాన తప్పి, ఋతువు మొత్తముమీద నూటికి పందొమ్మిది పాళ్ళు లోటు వచ్చెను. 1899 వంటిదే యీ పొరపాటు. కాని 1899 వంటి చావులు రాలేదు. ఎందుచేత? శాస్త్రము గెలిచినందుచేత గాదు. గోదాములలో గింజ యున్నది, చౌకదుకాణము లున్నవి, పని చూపు పద్ధతి యున్నది. 2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకము ఆరంభమైనది అనంతపురము జిల్లా బండ్లపల్లిలో. సాలునకు అయిదువందల యేబది మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు సీమ యది. ధాత కరవును చూచిన సీమ. 1880 నివేదికలో బీజముగా నున్న మాట, నూట యిరువదియాఱేండ్లకు అక్కడ హక్కుగా మొలకెత్తెను.

అంతటితో కథ ముగియలేదు. నాడు కరవు ప్రాణము తీసెను. తరువాతి కాలమున అప్పుగా మాఱి పట్టెను. మొదటి తొలకరికి వేరుసెనగ చల్లి, మూడు వారములు మబ్బు తొలగిపోగా మొలక మాడి, మరల విత్తనమునకు వడ్డీకి తెచ్చిన రైతు బ్రదుకును ఏ సగటు లెక్కయు చూపదు. 1950 తరువాతి లెక్కలను పరిశీలించినవారు, మధ్య భారతమున కుండపోత వానలు హెచ్చి, నిదానపు వానలు తగ్గినవని కనుగొనిరి. వాడుకగా కురియు వానకు నేల త్రాగుటకు వ్యవధి యుండును. కుండపోత మన్నును కొట్టుకొనిపోవును. మొత్తము ఒక్కటే యైనను పైరుకు రెండును ఒక్కటి గావు. లోకము వేడెక్కినకొలది ఈ భేదము పెరుగునని శాస్త్రజ్ఞులందురు. అయనచలనమునకు మన కాపులు సామెతలను దిద్దుకొనుటకు శతాబ్దులు దొరకినవి. ఈ మార్పునకు అంత గడువు లేదు.

కావున వాన సూచన చెప్పువారిని రైతు రెండు ప్రశ్నలు అడుగుట న్యాయము. మొదటిది: మీ మాట నూటికెన్ని పాళ్ళు నిజమగును? రెండవది: అది తప్పిననాడు నష్టమెవరిది? మొదటిదానికి శాస్త్రము సమాధానము చెప్పవలెను; తెలియనంత మేరకు తెలియదనియే చెప్పవలెను. రెండవదానికి శాసనము సమాధానము చెప్పవలెను. నష్టమంతయు విత్తనము చల్లినవానిదే యన్నచో, ఎంత గొప్ప గణితమైనను వానికి ఉగాదినాటి ఆఢకములకన్న ఎక్కువ యుపకరింపదు. కౌటిల్యుడు వానకుండను ధాన్యపుగొట్టమున ఉంచుమన్నది ఇందులకే యని నేను గ్రహించితిని. కుండ నిండని యేట కొట్టము తెఱవవలెను. అందులకు ముందేడే కొట్టము నింపియుండవలెను.