మత్తడి కింది బస్తీలు

అశోక్‌నగర్ వంతెన దాటేవాళ్లు ముక్కు మూసుకొని నాలా అంటారు. నాకది హుస్సేన్‌సాగర్ మత్తడి కాలువ. వ్యవసాయ శాఖలో చెరువు కింది ఊళ్లు తిరిగి రిటైరైన వాణ్ని, నీళ్లు ఎటు దిగుతాయో ముందు చూడటం అలవాటు.

హుస్సేన్‌సాగర్ వయసులో హైదరాబాద్ కంటే పెద్దది. 1591లో నగరం పుట్టడానికి దాదాపు మూడు దశాబ్దాల ముందే, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించాడు. మూసీ నుంచి బల్కాపూర్ కాలువ తవ్వి నీళ్లు తెచ్చారు. నిండి మత్తడి మీదుగా పొర్లిన నీళ్లు అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడల పక్కనుంచి నల్లకుంట మీదుగా మూసీలో పడతాయి. అంటే మేమంతా ఇళ్లు కట్టుకున్నది చెరువు కట్ట కింద.

తెలంగాణలో చెరువు పని నీళ్లివ్వడంతో అయిపోయేది కాదు. వాన కోసిన చెలకల పైమన్ను, మేతకెళ్లిన పశువుల పేడ, రాలిన ఆకు అన్నీ దాని అడుగున చేరేవి. ఎండాకాలం చెరువెండితే రైతులు బండ్లు కట్టుకొని ఆ పూడిక మట్టిని తోలుకుపోయేవాళ్లు. ఎర్ర చెలకలో అది చల్లితే వానలు మొహం చాటేసినా పదును ఇంకొన్ని రోజులు ఆగుతుంది. 2015లో మిషన్ కాకతీయ వచ్చినప్పుడు ఈ తోలకం మళ్లీ కనిపించింది, కాకపోతే ట్రాక్టర్లతో. తూము తీసేది, మూసేది నీరటికాడు. అతనికి కల్లంలో ధాన్యం కొలిచేవాళ్లు, కొన్నిచోట్ల ఇనాం భూమి ఉండేది. ఆబి వరికి వానాకాలపు నీళ్లు, యాసంగి తాబికి చెరువులో మిగిలినంత. తక్కువైతే తైబందీ: ఈసారి ఇంత భూమికే తడి అని నాట్లకు ముందే తేల్చేవాళ్లు. అంతా న్యాయంగా సాగిందని మాత్రం అనను. తూము పక్క మడి ఎవరిదో, రాత్రిపూట నీళ్లు కాసేది ఎవరో ఊరందరికీ తెలిసిన సంగతే.

1908 మూసీ వరదల తర్వాత నగరానికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. కుళాయి నీళ్లొచ్చాక హుస్సేన్‌సాగర్‌తో పని తీరింది, కట్ట దిగువ నేల ప్లాట్లయింది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. మత్తడి దూకితే ముందు మునిగే నేల ఏదో ఏ నీరటికాడైనా చెప్పేవాడు. ప్లాట్లు గీసినవాళ్లు అడగలేదు, అశోక్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి.

విచిత్రమేమంటే ఈ నాలా నీళ్లు ఇప్పటికీ సేద్యానికే పోతున్నాయి. ఉప్పల్ దాటాక పీర్జాదిగూడ నుంచి మూసీ మీద కత్వాలు, అంటే చిన్న అడ్డుకట్టలు కట్టి, కాలువలకు మళ్లించి పారిస్తారు. మురుగు పెరిగి వరి దిగుబడి పడిపోతే నగరానికి దగ్గరి రైతులు పారాగడ్డికి మళ్లారు. ఎరువు కొనే పని లేదు, నీళ్లకు ఏడాది పొడవునా లోటు లేదు, కోసిన కొద్దీ లేస్తుంది. మోపులు కట్టి గేదెల కొట్టాలకు అమ్ముతారు. మన వంటింటి మురుగు గడ్డయి, పాలై, మళ్లీ మన గడప తొక్కుతుంది. చెరువు మట్టి పొలానికి తిరిగొచ్చినట్టే ఉంది గానీ, ఫ్యాక్టరీల నీళ్లు కూడా కలిసిన దీన్ని సుస్థిర సేద్యం అనడానికి నాకు నోరు రాదు. అలాగని ఆపేయమనీ అనలేను. మూసీ ప్రక్షాళన గురించి సభల్లో మాట్లాడేవాళ్లను నేనడిగేది ఒకటే: శుద్ధి చేశాక ఆ నీళ్లలో గడ్డి కోసేవాళ్ల వాటా ఎంత?