పట్టీ లాగితే ఎలుక పరుగు

ఇలా చాప మీద కూర్చోండి, కిటికీ వెలుగు ఎడమ పక్క నుంచి పడాలి. కుడిచేత్తో కోస్తుంటే చేతి నీడ గీత మీద పడకూడదు. మీ ముందున్న రేకు పెట్టె నిండా శుభలేఖలే. మా చోడవరంలో చాలా ఇళ్ల అటకల మీద ఇలాంటి పెట్టె ఒకటి ఉంటుంది. పెళ్లయి ఏళ్లు గడిచినా వాటిని పారెయ్యరు. పైన వినాయకుడు, నాలుగు మూలలా పసుపు, చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాదు. ఒకటి తీసి చూడండి. చిరునామాలో 'విశాఖపట్నం జిల్లా' అని అచ్చయి ఉంది కదా, 2022 ఏప్రిల్‌కు ముందుదన్నమాట. ఆ నెల నుంచే మాది అనకాపల్లి జిల్లా.

నా మేనకోడలి పుట్టినరోజుకు కార్డు చేస్తున్నాను. హైదరాబాదులో చదువుకుంటోంది. కొన్న కార్డును ఒకసారి విప్పి పక్కన పెట్టేస్తారు. లాగితే బొమ్మ కదిలే కార్డు, తడిపితే అక్షరాలు తేలే కార్డు చేతికొస్తే ఇంట్లో అందరికీ చూపిస్తారు, మళ్లీ విప్పుతారు. నాకు కావలసింది అదే.

అడుగు అట్టను ఒకసారి తడిమి చూడండి. గరుగ్గా ఉంది కదూ? పాత నోటుపుస్తకాల కాగితాలు రాత్రంతా నానబెట్టి, వంటకు వాడని మిక్సీ జారులో తిప్పి, ఆ గుజ్జులో చెరకు పిప్పి పీచు కలిపాను. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతం మాది, ఇక్కడ పిప్పికి కరువేముంది! రసం బండి దగ్గర అడిగితే సంచి నిండా ఇస్తారు. చాకలి సోడా వేసి ఉడికించి, తీపి పోయేదాకా కడగాలి, లేకపోతే చీమలు పడతాయి. వట్టి పిప్పితో ఇంట్లో గట్టి అట్ట రాదు, విరిగిపోతుంది. పాత కాగితమే దానికి బలం. వెలుగులోకి ఎత్తితే బంగారు రంగు పీచులు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. ఏ దుకాణంలో కొన్న అట్టకూ ఆ అందం లేదు.

ఇప్పుడు కింది సగానికి ఎర్రమట్టి. మెత్తగా జల్లించి, ఫెవికాల్ కలిపిన నీళ్లతో పల్చగా పూస్తున్నాను. ఇది నేల. మా ఊరి స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి వెళ్లినవాళ్లకు తెలుసు, స్వామి నడుము వరకే దర్శనమిస్తాడు, మిగతాది భూమిలోనే ఉందని నమ్మకం. అందుకని శుభలేఖ మీది వినాయకుణ్ణి కత్తిరించి, ఆ మట్టిగీతలోకి నడుము దాకా దించుతున్నాను.

"ఓలమ్మా, సామి బొమ్మకి కత్తెరేటే?" గుమ్మంలోంచి అమ్మ.

"పారేత్తన్నానేటమ్మా? గుళ్లో కూకోబెడతన్నాను."

అమ్మ దగ్గరకొచ్చి చూసింది. ఏమీ అనకుండా లోపలికెళ్లి, చిరిగిన పట్టుచీర అంచు తెచ్చి నా ఒళ్లో వేసింది. అదే తోరణం. 1912లో పికాసో కాన్వాసు మీద ఆయిల్‌క్లాత్ ముక్క అంటించి, చుట్టూ తాడు చట్రంగా బిగించాడు. రంగుల పక్కన గుడ్డకూ తాడుకూ సమానమైన చోటిచ్చిన ఆ పని నాకెంతో ఇష్టం. జరీ అంచుకు మాత్రం జిగురు పల్చగా రాయాలి. ఎక్కువైతే పైకి ఊరి మెరుపు చచ్చిపోతుంది.

ఇక అసలు పని. స్వామిని పట్టీకి కట్టి ఆడించడం నాకు సమ్మతం కాదు. ఆయన కదలడు, ఎలుక పరిగెడుతుంది. పట్టీ కోసం తీసిన ఈ శుభలేఖ అట్టను రెండు వైపులా వంచి చూడండి. ఒకవైపు సులువుగా వంగుతుంది, రెండోవైపు మొండికేస్తుంది. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు పీచు ఎక్కువగా ఒకే దిశలో సర్దుకుంటుంది. మొండికేసే వైపు పొడవు వచ్చేలా పట్టీ కొయ్యండి. ఇంకోలా కోస్తే లోపలికి తోసేటప్పుడు నలిగి కూర్చుంటుంది. పట్టీ వెడల్పు 2 సెంటీమీటర్లు, అది దూరే చీలిక ఒక మిల్లీమీటరు ఎక్కువ. లోపలి కొసకు ఒక అడ్డుముక్క అంటిస్తే పూర్తిగా ఊడి రాదు. నేలగీత వెంట సన్నటి గాడి కోశాను. ఎలుక పైన, పట్టీ కింద, రెంటినీ కలిపే ముక్క ఆ గాడిలో.

తోకను విడిగా కోసి దారం ముడితో బిగించాను, పరుగులో అటూ ఇటూ ఊగడానికి. ఇలాంటి కదిలే బొమ్మల పుస్తకాలకు పేరుపడ్డవాడు మ్యూనిక్‌కు చెందిన లోథార్ మెగ్గెన్‌డార్ఫర్ (1847–1925). రాగితీగను సన్నటి చుట్టగా చుట్టి కీళ్లుగా వాడేవాడు. ఒక్క పట్టీ లాగితే బొమ్మలో చేతులూ తలలూ కళ్లూ కలిసి కదిలేవి. మన కార్డుకు దారం ముడి చాలు.

పట్టీ బయటి కొసన వేలికి అందేలా ఏటికొప్పాక లక్కపూస కట్టాను. అదీ మా జిల్లాదే. అంకుడు కర్రను తరిణె పట్టి, ఆకుల నుంచీ గింజల నుంచీ తీసిన రంగులు కలిపిన లక్క అద్దుతారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పూస పట్టుకుని మెల్లగా లాగండి. చూశారా, ఉండ్రాయి నోట కరుచుకుని ఎలుక స్వామి ముందుకు వచ్చేసింది!

కార్డు లోపలి పుట తెల్లగా ఉంది అనుకుంటున్నారేమో. అక్కడ నేను రాసేశాను. వంటసోడాను నీళ్లలో కరిగించి, సన్న బ్రష్షుతో. ఆరాక ఏమీ కనిపించదు, ఏటవాలుగా పట్టుకుంటే చిన్న ముడత తప్ప. ఇదిగో, అలాగే రాసిన వేరే చీటీ మీద చూపిస్తాను. చిటికెడు పసుపు స్పిరిట్‌లో కలిపి, దూదితో ఒక్కసారి తుడవండి. పుటంతా పసుపు పరుచుకుంది. మధ్యలో ఒక్కో అక్షరం ఎర్రగా లేస్తోంది, ముందు 'బం', తర్వాత 'గా', తర్వాత 'రం'. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేదీ ఇందుకే. క్షారం తగిలితే పసుపు రంగు మారుతుంది. పెళ్లికూతురి పాదాల మీద మన ఆడవాళ్లు ఏనాటి నుంచో చూస్తున్న రసాయనమే ఇది.

మీరూ చెయ్యండి. ఇంట్లో శుభలేఖలుంటే ఇక కొనాల్సింది పెద్దగా ఏమీ ఉండదు. పూస, పట్టీ వల్ల కవరు లావవుతుంది కాబట్టి పోస్టాఫీసులో తూకం వేయించి స్టాంపులు అంటించండి. లోపల పసుపు పొట్లం, కాస్త దూది పెట్టండి. స్పిరిట్ పోస్టులో పంపకూడదు, అందినవాళ్లనే తెచ్చి కలుపుకోమనండి. తేలాక కార్డును పుస్తకంలో దాచుకోమని కవరు వెనక రాయండి, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది.