విరామచిహ్నములును లేఖకుని వివక్షయు

మంగళగిరి శిలాస్తంభముపైఁ గృష్ణదేవరాయల కాలమునాఁటి శాసన మొకటి కలదు. శా. శ. 1437 (క్రీ. శ. 1515) ఆషాఢమాసమున సాళువ తిమ్మరుసు కొండవీటిదుర్గమును గైకొనిన వృత్తాంత మందుఁ జెప్పఁబడినది. ఆ కాలపు శాసనములఁ జదువువారికి లిపికంటె విరామమే యెక్కుడు చిక్కు గలిగించును. పద్యముల చివర నిలువుగీఁత కానవచ్చును. కొన్నిట ముగింపున శ్రీకారము లుండును. వచనమునందు మాత్రము పదములను విడఁదీయక యేకపంక్తిగాఁ జెక్కుట యాచారము. తాళపత్రలేఖకుల పద్ధతియు నిట్టిదే.

దీనిని లోపమని తలఁపరాదు. తెలుఁగువాక్యము తన నిలుకడను దానే తెలుపుకొనును. సమాపకక్రియ వాక్యాంతమును, క్త్వార్థకము నడిమి నిలుకడను, 'అని' యను నవ్యయము పరవాక్యసమాప్తిని, చివరి యాకారము ప్రశ్నమును సూచించును. సంస్కృతవైయాకరణుల మతమున నేకపదమునందును, ధాతూపసర్గములయందును, సమాసమునందును సంధి నిత్యము. వాక్యమునందు వక్తయొక్క వివక్ష ననుసరించును. నిలుపవలెనా కలుపవలెనా యను నిర్ణయ మా వివక్షకే చెందినది.

అయినను పొలిమేరలు చెప్పునపుడు క్రియలు లేక నామవాచకములే వరుసగా వచ్చును. అట్టిచోట భాష యొక్కటియే చాలదు. ఉదాహరణమునకుఁ గల్పించిన యీ మాటలు చూడుఁడు: 'ఊరికి తూర్పున చెఱువు దక్షిణమున తోట'. 'చెఱువు' తరువాత నిలిపినచో, ఊరికిఁ దూర్పునఁ జెఱువును దక్షిణమునఁ దోటయు నున్నవని యర్థము. 'తూర్పున' తరువాత నిలిపినచో, ఊరికిఁ దూర్పునను చెఱువునకు దక్షిణమునను నున్నది తోట యొక్కటియే. సరళాదేశముతో 'తూర్పునఁ జెఱువు' అని యున్నయెడల నా రెంటి నడుమ నిలుకడ లేదని తెలిసెడిది. కాని శాసనములయందు సరళాదేశము నియతముగాఁ గానరాదు. దానభూమి యెక్కడిదో చదువరి నిలుకడనుబట్టి మాఱుచున్నది.

19వ శతాబ్దమున ముద్రణముతోఁ గామా మొదలగు చిహ్నములు తెలుఁగున వ్యాపించినవి. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడిన పిమ్మటఁ బెరిగిన గద్యరచనకు నివి తోడ్పడినవి. వాడుకలో నొక్కొక్కరి దొక్కొక్క యలవాటు. కొందఱు క్త్వార్థకము వచ్చినచో నెల్లఁ గామా యుంతురు. కొందఱు పదముల పట్టికలోనే వాడుదురు. 'వచ్చి, యిట్లనెను' అని వ్రాయువారు యడాగమముచేఁ గలిపి చిహ్నముచే విడఁదీయుదురు. 'వచ్చి, ఇట్లనెను' అను వారికి నిలుకడయే సంధి కడ్డము. రెండవది యుక్తతరము, మొదటిది గ్రాంథికాభ్యాసముచే నిలిచినది.

సొంతరచనయం దే యలవాటైనను నష్టము లేదు. అది రచయిత వివక్ష. ప్రాచీనశాసనమును బ్రకటించునపుడు మాత్రము పరిష్కర్త యుంచిన కామా శిల్పి చెక్కినది కాదు, పరిష్కర్త చెప్పిన యర్థము. కావున మూలమును జిహ్నరహితముగా ముద్రించి, తన పదవిభాగమును దిగువ వేఱుగాఁ జూపుట న్యాయము. అట్లు చేసినచో నతఁడు పొరపడినను తరువాతివారు మూలమును మరలఁ జదువుకొనఁగలరు.