బినే పరీక్ష, మన ఇంటి తెలుగు

పిల్లవాడి ఐక్యూ తక్కువని కాగితం చేతిలో పెడితే మనం బెంబేలెత్తిపోతాం. ఆ పరీక్ష ఎందుకు పుట్టిందో చూద్దాం. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ దాన్ని తయారుచేసింది బడిలో వెనకబడిన పిల్లలను గుర్తించి సాయం చేయడానికే. తెలివి పెరగదన్న మాటను బినే ఒప్పుకోలేదు. అమెరికా చేరాక అదే పరీక్షతో మనుషులకు ముద్రలు వేశారు.

మన దేశంలో వి.వి. కామత్ దాన్ని ధార్వాడలో కన్నడ, మరాఠీ పిల్లలకు తగినట్టు మార్చి, 1940లో పుస్తకం వేశారు. మరి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో మరాఠీయో మాట్లాడే మన పిల్లల సంగతి? మాట తెలియకపోతే తెలివి లేనట్టు కాదు. అందుకే పరీక్షకు ముందే మన ఇంటి భాష ఏదో చెబుదాం. ఒక్క అంకె చూసి బిడ్డను తూచొద్దు.