సూరతు వంటయిల్లు

సూరతులో భోజనము, కాశిలో మరణము అను సామెత గుజరాతు దేశమున తెలియనివారు లేరు. మోక్షముతో భోజనమును సరితూచిన ఈ మాటను పుట్టించినవారు రుచిని తేలికగా ఎంచినవారు కారు. ఇంతటి ప్రతిష్ఠ ఒక పట్టణమునకు ఊరక రాదు. అది వచ్చిన త్రోవను వెదకబోయినచో గ్రంథములకంటె పొయ్యిలే ఎక్కువ సాక్ష్యము చెప్పును.

తపతీనది సముద్రమున కలియు చోటికి అనతిదూరముననున్న సూరతు 1573లో అక్బరు వశమయ్యెను. అటుపిమ్మట నూరేండ్లకు పైగా మొగలు సామ్రాజ్యమునకు అది ముఖ్యమైన రేవు. మక్కా యాత్రికుల ఓడలు ఇచటినుండి సాగెడివి. ఆంగ్లేయులును, డచ్చివారును 17వ శతాబ్ది ఆరంభముననే ఇచట వర్తకశాలలు నెలకొల్పిరి. 1664లోను, మరల 1670లోను శివాజీ ఈ పట్టణమును కొల్లగొట్టెననుటయే దాని సంపదకు నిదర్శనము.

1689లో ఇంగ్లండు విడిచి వచ్చిన ఓవింగ్టను అను క్రైస్తవ మతాచార్యుడు సూరతును గూర్చి వ్రాసిన యాత్రాగ్రంథము 1696లో అచ్చయ్యెను. ఆంగ్లేయుల వర్తకశాలలో ఒక ఆంగ్లేయుడు, ఒక పోర్చుగీసువాడు, ఒక దేశీయుడు, ఇట్లు మువ్వురు వంటవారు ఉండెడివారట. పలావు, కబాబు, బాదముపప్పును ఎండుద్రాక్షను కూరి మగ్గబెట్టిన కోడి, వెదురుమొలకల ఊరగాయ, మామిడి ఊరగాయ ఆయన వ్రాతలో కనబడును. అన్నిటికంటె విలువైన సమాచారము వేరొకటి కలదు. ఇచటి వర్తకులు తేయాకును ఘాటైన సుగంధద్రవ్యములతో కాచి, కలకండ చేర్చియో, ఊరవేసిన చిన్న నిమ్మకాయలతోనో త్రాగెడివారనియు, అది తలనొప్పికి మందని నమ్మెడివారనియు ఆయన తెలిపెను. మసాలా తేనీరు నిన్నమొన్నటి కల్పన అనుకొనువారు దీనిని గమనింపవలెను.

ఐనను ఓవింగ్టను దృష్టి పోయినది వడ్డించిన బల్లమీదికే గాని పొయ్యిమీదికి కాదు. ఊరగాయకు ఉప్పు ఎంత, నూనె ఎంత అను లెక్క బాటసారుల వ్రాతలకు ఎక్కదు. అది అత్తనుండి కోడలికి చేతిమీదుగా వచ్చినది. ఆ ఇల్లాండ్ర పేళ్లు ఏ చరిత్రకును అందలేదు. వారి శాస్త్రము మాత్రము నేటికిని పొయ్యిమీద సాగుచునే ఉన్నది. ఉప్పు కాయలోని నీటిని లాగివేయును. పైన తేలు నూనె గాలిని తగులనీయదు. తడి చేయి పెట్టిన జాడీకి బూజు తప్పదు. రసాయనశాస్త్రము తరువాత చెప్పిన కారణములు ఇవియే.

రేవుపట్టణమునకు పరదేశపు వంట ఎట్లు అబ్బినదో నాన్‌ఖటాయి కథ తెలుపును. డచ్చివారు సూరతును విడిచినప్పుడు వారి రొట్టెల బట్టీ దోతీవాలా అను పార్సీ కుటుంబపు చేతికి వచ్చెననియు, కల్లుతో పులియబెట్టిన ఆ రొట్టెను కొనువారు దేశీయులలో తక్కువైరనియు ఆ ఊరివారు చెప్పుకొందురు. మిగిలిన రొట్టెను పారవేయక బట్టీలోనే ఎండించిరట. తేమ పోయినది గనుక అది చెడలేదు. తేలికగా అరుగునని రోగులకును పెట్టసాగిరి. కల్లును, గ్రుడ్డును విడిచి మైదా, నెయ్యి, చక్కెరలతో చేసినది నాన్‌ఖటాయి. నేతిని చక్కెరతో తెల్లబడువరకు అరచేతితో నురుపుటలోనే దాని గుట్టు ఉన్నది. పిండి రేణువులకు నెయ్యి పట్టినచో జిగి పుట్టదు. నోటిలో వేసినంతనే కరగును. పిండిని అతిగా మర్దించినవానికి దక్కునది గట్టి బిళ్ల మాత్రమే.

ఐతే సూరతు పేరు నిలిపినది ఊంధియుం. ఊంధుం అనగా తలక్రిందు. పల్లెలలో మట్టికుండలో కూరగాయలు నింపి, మూతిని ఆకులతో బిగించి, గోతిలో బోర్లించి, పైన మంట వేయుదురు. నీరు పోయరు. కూరగాయల తేమయే ఆవిరియై వానిని ఉడికించును. పట్టణపు ఇండ్లలో గోతికి తావు లేనందున ఆ పద్ధతి పొయ్యిమీదికి వచ్చి, మంటకు బదులు నూనె పెరిగెను. తుదకు ఆకుపచ్చని మసాలాతో నిండిన వేరొక వంటకమే ఏర్పడెను.

దీనికి ప్రాణము సూరతీ పాప్డీ, అనగా లేత చిక్కుడు. నూనెలో వాము వేసి, చిక్కుడును చేర్చి, చిటికెడు వంటసోడా చల్లుదురు. సోడా పచ్చదనమును నిలుపును, కాయను త్వరగా మెత్తబరచును. చిటికెడు మించినచో కాయ చితికి రుచి చెడును. వాము చిక్కుడు చేయు వాయువును అణచును. లేతవెల్లుల్లి ఆకు, కొత్తిమీర, కొబ్బరి, అల్లము, పచ్చిమిరప నూరిన ముద్దను చిన్న వంకాయలలోను, దుంపలలోను కూరుదురు. ఊదారంగు పెండలము, చిలగడదుంప ఆలస్యముగా ఉడుకును గనుక అడుగున ఉండవలెను. అరటికాయ, వంకాయ వానిపైన. మెంతికూర కలిపి వేయించిన శనగపిండి ముఠియాలు కడపట. గరిటె పెట్టి కలుపుట నేరము. గిన్నెను రెండుచేతుల పట్టి కుదుపవలెను. క్రొత్తకోడలి ఓర్పు తెలియునది ఇచటనే అందురు. సంక్రాంతినాడు గాలిపటములు ఎగురుచుండగా మేడలమీద దీనిని జిలేబితో ఆరగింతురు.

పాప్డీకి పెట్టినది పేరు కతార్గాము. ఒకప్పుడు ఊరి వెలుపలి పల్లె. నేడు అచట వజ్రములకు సానపట్టు కర్మాగారములు నిండినవి. చిక్కుడు తోటలు దూరమునకు తొలగెను. కతార్గాము పాప్డీ అను మాట మాత్రము బజారులో నిలిచినది. పేరు చూచి కొనని ఇల్లాలు కాయను రెండుగా విరిచి చూచును: పీచు లాగినచో ముదురు, తటాలున విరిగినచో లేత.

శీతకాలమున ఈ ఊరికి వచ్చు మరియొక రుచి పొంక్. పాలుపట్టిన జొన్నకంకులను వేడిబూడిదలో కాల్చి, దులిపి, గింజలను సేవు, నిమ్మరసములతో తిందురు. తెలంగాణమునుండి మగ్గముల పనికై వచ్చి సూరతులో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము కలవు. వారి బిడ్డలకై నగరపాలక సంస్థ తెలుగు బడులను సైతము నడిపినది. గుజరాతీల పొంక్‌ను వారికి ఎవరును వివరింపనక్కరలేదు. తెలుగుపొలముల గట్లపై కాల్చుకొని తిను ఊచబియ్యము అదియే.