మట్టికుండ మరచిపోదు

ఇత్తడి బిందెను ముప్పయి ఏండ్లు వాడినా అది ఇత్తడి బిందెగానే ఉంటుంది. చింతపండు పెట్టి తోమితే కొన్ననాటి మెరుపు మళ్లీ వస్తుంది. స్టీలు గిన్నె సంగతి చెప్పనే అక్కరలేదు. మట్టిపాత్ర అలా కాదు. అందులో పోసిన నీరు, కాచిన పాలు, వండిన కూర కొద్దికొద్దిగా దాని ఒంట్లోకి ఇంకుతాయి. కుమ్మరి ఇంటి నుంచి తెచ్చిననాటి కుండ, ఏడాది వాడిన కుండ చూపుకు ఒకటే అయినా గుణంలో వేరువేరు.

ఈ సంగతి మన తరం వారికి పుస్తకాలు చెప్పవలసిన పని లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో పుట్టిపెరిగిన వారందరూ కుండలో వండినది తిని, కుండలో నీళ్లు తాగిన వారే. అయితే కుండకున్న ఈ ఒక్క గుణం చుట్టూ మన ఇండ్లలో ఎన్ని కట్టుబాట్లు అల్లుకున్నాయో, అదే గుణాన్ని వేరే దేశం వారు ఎలా చూశారో ఒకచోట చేర్చి చూస్తే అది ఒక చరిత్రే అవుతుంది. ఆ ప్రయత్నమే ఈ వ్యాసం.

కుండ ఒంట్లో ఏముంది?

చెరువు మట్టిని తొక్కి, సారె మీద చేసి, ఆరబెట్టి, ఆవంలో పెట్టి కాలుస్తారు. మన ఊళ్లలో కట్టెలు, పిడకలు, గడ్డితో కాల్చే ఆవంలో వేడి సుమారు 700 నుంచి 900 డిగ్రీల దాకా వస్తుంది. ఆ వేడికి మట్టి గట్టిపడి, నీళ్లలో కరగని స్థితికి చేరుతుంది. కాని గాజులా కరిగి ముద్దకట్టదు. అందుచేత మట్టి రేణువుల నడుమ కంటికి కనబడని సందులు మిగిలిపోతాయి. పింగాణీని సుమారు 1300 డిగ్రీల దాకా కాలుస్తారు కనుక దానిలో ఆ సందులు దాదాపుగా మూసుకుపోతాయి. కుండ మంచి, చెడ్డ రెండూ ఆ సందులలోనే ఉన్నాయి.

ముందుగా నీళ్ల కుండ సంగతి. లోపలి నీరు ఆ సందుల గుండా పైకి ఊరి, గాలి తగిలి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల వేడి కావాలి. అందులో అధిక భాగం లోపలి నీటి నుంచే పోతే, పది లీటర్ల కుండలో నూరు గ్రాముల నీరు ఆవిరైనా మిగిలిన నీరు అయిదు డిగ్రీల దాకా చల్లబడగలదు. ఎండ ఎంత పొడిగా ఉంటే కుండ అంత బాగా పని చేస్తుంది. మృగశిర దాటి గాలిలో చెమ్మ పెరిగితే అదే కుండ ఊరికే కూర్చుంటుంది.

తహసీలు కచేరీలోనైనా, బడిలోనైనా, బస్టాండు చలివేంద్రంలోనైనా ఎండాకాలం రాగానే ఇసుక పోసి, దాని మీద రంజను పెట్టి, తడిగుడ్డ చుట్టేవారు. ఆ రంజను మొదటి ఏడు ఇచ్చినంత చల్లదనం రెండో ఏడు ఇవ్వదు. బావి నీటిలోని ఉప్పు, సున్నం ఆ సందులలో పేరుకుని వాటిని మూసేస్తాయి. పాత కుండ మీద తెల్లగా పొరలా కనబడేది అదే. అందుకే ప్రతి ఉగాదికి కొత్త కుండ కొనేవారు. ఇక్కడ వాడకం కుండకు ముసలితనం తెచ్చింది.

వాడిన కొద్దీ విలువ పెరిగేవి

వంట కుండ కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. కొత్త అటికెలో తిన్నగా పప్పు వేసి పొయ్యి మీద పెట్టే ఇల్లాలు ఉండేది కాదు. ముందు నీళ్లలో నానబెట్టి, గంజి పోసి కాచేవారు. గంజిలోని పిండి పదార్థం సందులలో చేరి గట్టిపడి, చెమ్మ బయటికి రాకుండా ఆపుతుంది. ఆ తరువాత నూనె, చింతపులుసు, పొగ పట్టి కుండ నల్లబడి, నున్నబడుతుంది. నీళ్ల కుండకు శత్రువైన పూడికే వంట కుండకు బలమైంది.

పెరుగు కుండది మరొక తీరు. సందుల గుండా నీరు కొంత పోవడం వల్ల పెరుగు గట్టిగా తోడుకుంటుంది. పైగా నిన్నటి తోడు జాడ గోడలలో ఉండనే ఉంటుంది. అటువంటి కుండను వేడినీళ్లతో కడిగి ఎండబెట్టేవారు గాని, ఘాటైన పదార్థాలతో తోమేవారు కాదు. తోమిన దాని వాసన కూడా కుండ పీల్చుకుంటుందని వారికి తెలుసు.

కల్లు లొట్టి వద్ద ఈ గుణం మరింత స్పష్టం. తాటి, ఈత చెట్ల నుంచి కారే రసం తియ్యగా ఉంటుంది. లొట్టి గోడలలో నిలిచిన మధుశిలీంధ్రాలు, గాలిలోనివి, చెట్టు మీదివి కలిసి కొద్ది గంటలలోనే దానిని పొంగించి కల్లు చేస్తాయి. తియ్యటి నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి. సున్నం ఆ జీవులను పని చేయనివ్వదు. సూక్ష్మజీవుల పేరు వినని రోజులలోనే మన గీత పనివారు ఏ లొట్టి ఎందుకు పనికివస్తుందో ఎంచి చూసేవారు.

ఇక కూరాడు. తెలంగాణ పల్లెలలో చాలా ఇండ్లలో గంజి, బియ్యం కడిగిన నీళ్లు పోసి పులియబెట్టే కలి కుండ ఒకటి ఉండేది. దానికి పసుపు, కుంకుమ పెట్టి ఇంటి లక్ష్మిగా భావించేవారు. ఆ పులుపు ఏ రోజుకారోజు కొత్తగా పుట్టింది కాదు. నిన్నటి కలి నేటి కలికి తోడు. కుండ గోడలలో ఇంకిన పులుపు ఆ ఇంటి సంసారంతో పాటు సాగేది. అన్నదమ్ములు వేరుపడితే వేరు కూరాడు పెట్టుకునేవారు. ఒక ఇంటి కొనసాగింపునకు కుండను మించిన గుర్తు మనవారికి కనబడలేదన్నమాట.

గోదావరి ఒడ్డున కుండపెంకులు

ఈ పరిచయం నిన్న మొన్నటిది కాదు. తెలంగాణ అంతటా రాకాసిగుళ్లని పిలిచే ఇనుపయుగపు సమాధులలో నలుపు, ఎరుపు రంగులు కలిసిన కుండలు దొరుకుతాయి. ఆవంలో బోర్లించి కాల్చడం వల్ల గాలి తగలని లోపలి భాగం, మూతి నల్లగాను, మిగిలినది ఎర్రగాను తేలాయని పురావస్తు పండితులు వివరిస్తారు.

2016లో జగిత్యాల జిల్లా ఏర్పడినప్పుడు బుగ్గారం మండల కేంద్రమైంది. ధర్మపురి మీదుగా గోదావరి వెంట దిగువకు వెళితే అదే జిల్లాలో కోటిలింగాల వస్తుంది. అక్కడ దొరికిన నాణేలు శాతవాహనుల తొలి రాజు సిముకుని చరిత్రకు ఆధారాలయ్యాయి. పెద్దపల్లి వైపు ఉన్న ధూళికట్ట, పెద్దబంకూరులలోనూ తవ్వకాలు జరిగాయి. పెద్దబంకూరులో కాల్చిన మట్టి ఒరలు ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన బావులు బయటపడ్డాయి. రెండువేల ఏండ్ల నాడు ఈ నేలమీద నీరు తోడిన బావీ మట్టిదే, నీరు నింపిన కడవా మట్టిదే. రాజుల చరిత్ర నాణేల మీద ఉంటే, ఇల్లాండ్ర చరిత్ర కుండపెంకులలో ఉంది.

జపాను వారి టీ గిన్నె

ఇప్పుడు ఇదే గుణాన్ని మరొక జాతి ఎలా చూసిందో గమనించండి. జపాను ప్రధాన దీవి పడమటి కొసన హాగీ అనే పట్టణం ఉంది. 1592–98 నడుమ జపాను సైన్యాలు కొరియాపై దండెత్తి, తిరిగి వస్తూ అక్కడి కుమ్మరులను వెంట తెచ్చాయి. వారిలో ఇద్దరు అన్నదమ్ములు మోరి వంశపు ప్రభువు అండన హాగీలో ఆవం పెట్టారు. పరాయి నేల మీద వారు చేసిన టీ గిన్నెలే నేటికీ ప్రసిద్ధమైన హాగీ పాత్రలు.

ఆ గిన్నెల మట్టి గరుకు. కాల్పు వల్ల పూర్తిగా ముద్దకట్టదు. పైన పలుచని గాజుపూత ఉన్నా, చల్లారేటప్పుడు మట్టి కంటె పూత ఎక్కువగా ముడుచుకుంటుంది కనుక దానిలో సన్నని నెరియలు పడతాయి. తాగిన ప్రతిసారీ టీ ఆ నెరియలలో దిగి, లోపలి మట్టిలో ఇంకుతుంది. కొత్త గిన్నెలో ఒక్కొక్కప్పుడు అడుగున చెమ్మ ఊరుతుంది కూడా. ఏండ్లు గడిచే కొద్దీ ఆ ఊట ఆగి, లేత రంగు ముదిరి, నెరియలు వలలా తేలి గిన్నెకు కొత్త అందం వస్తుంది. దీనిని వారు హాగీ ఏడు మార్పులని అంటారు. ఏడు అంటే లెక్క కాదు, అనేకమని అర్థం. వాడినవారి చేతి గుర్తు గిన్నెలో ఉంటుందని, తండ్రి వాడినది కొడుకు, కొడుకు వాడినది మనుమడు భద్రంగా దాచుకుంటారు. నూర్ల ఏండ్ల గిన్నెలు నేటికీ ఉన్నాయి.

మనం దాచుకోలేదెందుకు?

మరి మన దేశంలో మట్టి పాత్ర మరొకరి నోరు తగిలితే పనికిరాదన్నారు. ఉత్తరాదిన మట్టి ముంతలో టీ తాగి పగులగొట్టడం ఆనవాయితీ. 2004లో రైల్వే మంత్రి లాలూప్రసాద్ యాదవ్ రైల్వేస్టేషన్లలో ఆ ముంతలను మళ్లీ ప్రవేశపెట్టిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. జపానులో ఒక గిన్నెకు నూర్ల ఏండ్ల ఆయుష్షు, ఇక్కడ ఒక్క టీకే ఆయుష్షు చెల్లు. రెండు చోట్లా కారణం ఒక్కటే: మట్టి పీల్చుకుంటుంది, పీల్చుకున్నది వదలదు.

మన శాస్త్రకారులు ఈ సంగతిని గుర్తించారు. మనుస్మృతి అయిదవ అధ్యాయంలో లోహపాత్రలకు క్షారం, పులుపు, నీరు చాలునని, మట్టిపాత్రకు మళ్లీ కాల్చడమే శుద్ధి అని, మద్యం వంటివి తగిలితే ఆ కాల్పు కూడా పనికిరాదని ఉంది. శుభ్రత దృష్టితో చూస్తే ఇందులో తెలివి ఉంది. పోచమ్మ బోనానికి, పెండ్లిలో ఐరేని కుండలకు, చివరకు శవం ముందు నిప్పు పట్టే కుండకు కొత్తదే కావాలనడం వెనుక కూడా ఇదే ఆలోచన. పాత జాడ లేని పాత్ర కావాలి.

కాని ఇదే తర్కాన్ని మనుషులకు పట్టించినప్పుడు అది అన్యాయమైంది. మట్టి పీల్చుకునేది నీటిని, నూనెను, పులుపును. కులాన్ని పీల్చుకునే మట్టి ఎక్కడా లేదు. అయినా ఫలానా వారు ముట్టారని కుండ పగులగొట్టిన ఇండ్లు, దాహమన్న వారికి కుండ అందించక దూరం నుంచి దోసిట్లో నీళ్లు పోసిన వాకిండ్లు మన ఊళ్లలో ఉండేవి. ఆ కుండ చేసిన కుమ్మరి, అందుకు మట్టి తవ్విన కూలి, దానిలో వండే గింజను పండించిన పాలేరు ఎంతమంది చేతులు తగిలి అది వంటింటికి చేరిందో ఎవరూ అడగలేదు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో చట్టం వచ్చింది. వాకిటి ముందరి అలవాటు పోవడానికి చట్టం తరువాత కూడా చాలా కాలం పట్టింది. కుండల చరిత్ర చెప్పేటప్పుడు ఈ మాట దాటవేయడం న్యాయం కాదు.

కుండ చెప్పే సాక్ష్యం

విచిత్రమేమంటే, మట్టి మరచిపోదన్న ఆ గుణమే నేడు చరిత్రకారులకు వరమైంది. పాత కుండపెంకు నుంచి చిటికెడు పొడి తీసి, ద్రావకంలో కలిపి, సందులలో నిలిచిన కొవ్వు జాడలను పరీక్షిస్తున్నారు. ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ ఎవర్షెడ్ వంటి రసాయన శాస్త్రజ్ఞులు ఈ విద్యను పెంచారు. పోలండు దేశంలో దొరికిన సుమారు ఏడువేల ఏండ్ల నాటి చిల్లుల మట్టిపాత్రలు జున్ను వడకట్టడానికి వాడినవని 2012లో తేల్చారు. 2020లో గుజరాత్‌లోని కోటడా భడ్లీలో దొరికిన సింధు నాగరికత నాటి పెంకులలో పాల కొవ్వు జాడలు గుర్తించారు. నాలుగున్నర వేల ఏండ్ల క్రితం ఏ తల్లి పాలు కాచిందో మనకు తెలియదు, కాని ఆమె పాలు కాచిన సంగతిని కుండ మరచిపోలేదు.

అయితే కుండ చెప్పగలిగేది కొంతే. అందులో పాలున్నాయని పెంకు చెబుతుంది. దాని పేరు చెప్పదు. పటువకు, కడవకు, కాగుకు తేడా ఏమిటి, గురిగిలో ఏమి దాచేవారు, గోలెం ఎక్కడ పెట్టేవారు, కొత్త అటికెకు ఎన్నిసార్లు గంజి పట్టించేవారు, కూరాడు ఎవరు పెట్టాలి, ఎవరికి పంచాలి అనేది ఏ ప్రయోగశాలా చెప్పలేదు. అవి మన జ్ఞాపకాలలోనే ఉన్నాయి. సిల్వర్ గిన్నెలు, స్టీలు బిందెలు, ప్లాస్టిక్ డబ్బాలు, ఫ్రిజ్జులు వచ్చిన తరువాత పుట్టిన మన పిల్లలకు ఆ పేర్లే తెలియవు. ఇటీవల పట్నాలలో మట్టిపాత్రల వంట మళ్లీ మోజుగా మారింది. సంతోషమే. కాని పాత్ర దొరికినంత సులభంగా దానిని వాడే తెలివి అంగడిలో దొరకదు.

కనుక సభ్య మిత్రులకు, ముఖ్యంగా మన ఇండ్లలోని పెద్ద ఆడవారికి ఒక విన్నపం. మీ ఊరిలో కుండలకు ఉన్న పేర్లు, ఏ పనికి కొత్త కుండ, ఏ పనికి పాత కుండ అన్న వివరాలు ఒక కాగితం మీద రాసి ఉంచండి. రాయలేని వారి చేత చెప్పించి మనుమలు, మనుమరాండ్లు రాసుకోవాలి. రాసేటప్పుడు మంచితో పాటు, ఎవరికి ఆ కుండ అందలేదో అదీ రాయండి. మట్టి తాను పీల్చుకున్నదంతా దాచి ఉంచింది. మన తరం కూడా అంతపాటి నిజాయితీతో తన వంతు సాక్ష్యం ఇచ్చి పోవడం మంచిది.